సగం సూది

మా పాపకు నాలుగేళ్లప్పుడు పొట్ట కుండలా ఉబ్బింది. కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయినాయి. పొద్దుగూకితే జ్వరం. ఎర్రగా పుట్టిన బిడ్డ మొహం మసి పూసినట్టు నల్లబడతా వచ్చింది. అప్పటికి మేము బీహార్ విడిచి పుంగనూరుకు వచ్చి ఏడాది కాలేదు. మా ఆయన బీహార్‌లో రోడ్డు పనుల్లో సూపర్‌వైజరుగా చేసేవాడు. పశువుల కొట్టాన్ని ఆనుకున్న మట్టి ఇంట్లో కాపురమున్నాము. మా మామ పోయినాక అంగడి చూసుకునేవాళ్లు లేక తిరిగొచ్చినాము.

మా వీధి చివర ఒక డాక్టరు క్లినిక్ ఉండేది. మామ ఉన్నప్పటి నుంచీ ఇంటికి వచ్చిపోయే మనిషి. మా అత్తకు ఆయన చెప్పిందే వేదం. ఆయన మలేరియా అని కొన్నాళ్లు, టైఫాయిడ్ అని కొన్నాళ్లు మందులిచ్చినాడు. పాప ఇంకా చిక్కిపోయింది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బిడ్డను సంకనేసుకుని మదనపల్లె బస్సెక్కినాను.

అక్కడి పిల్లల డాక్టరమ్మ పొట్ట తడిమి చూసి, "ఇంతకు ముందు యాడుండేవాళ్లమ్మా?" అని అడిగింది. బీహార్ అన్నాను. ఆమె చెయ్యి పొట్ట మీదే ఆగిపోయింది. ఎముక లోపలి మూలుగ తీసి పరీక్ష చేయించింది. కాలా అజార్ అని తేలింది. ఇసుక ఈగ కుట్టి వచ్చే జబ్బు, మందు పడకపోతే బిడ్డ దక్కదు అని చెప్పింది.

"మందుండాది, భయపడొద్దు. తొడకు దినామూ ఒక సూది, నెల దాకా. బరువును బట్టి నేను రాసినంతా పడాల. జ్వరం పోయింది కదా అని మధ్యలో ఆపినారంటే మళ్లీ తిరగబడుతుంది."

మా ఆయన బెంగళూరుకు పోయి మందు సీసాలు తెచ్చినాడు. దినామూ ఆ బిడ్డతో మదనపల్లెకు తిరగలేక వీధి డాక్టరు చేతికే ఇచ్చినాము. ఆయన చీటీ చూసి నవ్వినాడు.

"ఇంత బిడ్డకు ఇంత మందా? గుండె ఆగిపోతుంది."

"రాసినట్టే వెయ్యండి సార్" అన్నాను.

"సరేలేమ్మా, రాసినట్టే ఏస్తా."

నేను కాళ్లు గట్టిగా పట్టుకుంటే ఆయన సూది వేసేవాడు. బిడ్డ అరుపు వీధి మొదటికి వినిపించేది. ఒక్కరోజు మానలేదు, వానలో కూడా గొడుగు కింద ఎత్తుకుపోయినాను. జ్వరం పోయింది. పాప రాగిసంగటి అడిగి తినింది. నెల నిండినాక ఆయన "ఇంక సాలు, కోర్సు అయిపోయింది" అన్నాడు. సీసాలు మిగిలినాయే అంటే, "ఎప్పుడూ ఎక్కువే రాస్తారమ్మా" అని మిగిలినవి నా చేతికిచ్చినాడు. నమ్మినాను.

నాలుగు నెలలకు పొట్ట మళ్లీ లేచింది. ముక్కులోంచి రక్తం. మిగిలిన సీసాలు సంచిలో వేసుకుని మదనపల్లెకు పరిగెత్తినాను. డాక్టరమ్మ వాటిని వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. "పాపకు సగమే పడిండాది. సగం మందుకు రోగం మొండికేసింది, ఇంక ఈ మందును నమ్ముకోలేము" అనింది.

ఈసారి అక్కడే ఆసుపత్రిలో పెట్టుకుని వేరే మందు, నరానికి, డ్రిప్పులో. ఒకరోజు విడిచి ఒకరోజు. అది ఎక్కుతా ఉంటే పాపకు వణుకు వచ్చేది. మంచం ఊగిపోయేది, పళ్లు టకటక కొట్టుకునేవి. నడి ఎండాకాలంలో "అమ్మా, సలి" అని నా కొంగు కప్పుకునేది. కిడ్నీలు ఎట్లుండాయో చూడాలని మాటిమాటికీ రక్తం తీసేవాళ్లు. ఆ వణుకుతున్న ఒంటి మీద పడుకుని నేను దేవుణ్ణి తలుచుకోలేదు. వాణ్ణే, ఆ వీధి డాక్టరునే తలుచుకున్నాను. నిన్ను విడిచిపెట్టను అనుకున్నాను.

బిడ్డ బతికింది. ఇంటికి వచ్చేసరికి వాడు అత్తకు వేరే కథ చెప్పి పెట్టినాడు. నేను సూదికి సరిగ్గా తీసుకురాలేదంట, మధ్యలో మానేసినానంట. అంగడికి ఉప్పుకొచ్చినవాళ్లకూ పప్పుకొచ్చినవాళ్లకూ మా అత్త అదే చెప్పేది. "కన్న బిడ్డకు సూది ఏపించను బద్ధకమంట, సూడండమ్మా."

సంతరోజు క్లినిక్ కిటకిటలాడతా ఉంటే పోయినాను. మందు మిగిలిన సీసాలు వాడి బల్ల మీద వరసగా పెట్టినాను.

"ఇదంతా నా బిడ్డ ఒంట్లో ఉండాల్సిన మందు. యాల దాచినావు? అబద్ధం యాల చెప్పినావు?"

"పిచ్చిదాన్ని బయటికి పంపండి" అని అరిచినాడు. నేను వసారాలోకి వచ్చి, కూర్చున్న తల్లులందరికీ మొదటి నుంచి చెప్పినాను. మరుసటి సంతకూ పోయినాను. ఆ తర్వాత సంతకూ. ఏడాది తిరక్కుండా వాడు బోర్డు పీకేసి కుప్పంలో పెట్టుకున్నాడు.

కుప్పంలో మా చెల్లెలు ఉండాది. దాన్ని చూడను పోయినప్పుడల్లా ఆ క్లినిక్ ఎదురు టీ అంగట్లో కూర్చునేదాన్ని. చంటిబిడ్డతో ఎవరొచ్చినా లేచిపోయి నా కథ చెప్పేదాన్ని. కొందరు వెనక్కి తిరిగినారు, కొందరు తిట్టినారు. "ఇంక సాలు, ఒదిలెయ్యి" అని మా ఆయన ఎన్నిసార్లు అన్నాడో. నాకు సాలలేదు. నన్ను చూసి వాడు కిటికీ మూసుకుంటే ఆ పూట అన్నం రుచిగా ఉండేది.

అట్లా ఏండ్లు గడిచినాయి. ఒకరోజు వాడే రోడ్డు దాటి వచ్చినాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"ఏం కావాలమ్మా నీకు?"

"నా మీద చెప్పిన అబద్ధం, చెప్పిన చోటే వెనక్కి తీసుకో."

వస్తాడనుకోలేదు. మరుసటి వారం పుంగనూరు వచ్చి మా అంగట్లో స్టూలు మీద కూర్చున్నాడు. అత్త ముందర తల దించుకుని, "నీ కోడలి తప్పేం లేదమ్మా. ఎక్కువవుతుందని నేనే తగ్గించి వేసినా. భయపడి అబద్ధం చెప్పినా" అన్నాడు.

మా అత్త, "కాఫీ తాగుతావా అప్పా?" అని అడిగింది. వాణ్ణి! నా వైపు కూడా చూడలేదు. బతికున్నన్నాళ్లూ ఆ సంగతి గురించి నాతో ఒక్క మాట అనలేదు.

కాఫీ నేను పెట్టలేదు. వాడు లేచి గడప దగ్గర ఆగినాడు.

"పాప ఎట్లుండాది? ఒక్కసారి సూసిపోతానమ్మా."

పాప లోపలి గదిలో పరీక్షకు చదువుకుంటా ఉండింది. హైస్కూల్లో పరుగు పందెంలో ముందుండే పిల్ల. చూస్తే వాడి గుండె బరువు దిగిపోయేది, అది నాకు తెలుసు.

"లేదు" అన్నాను.

వాడు చెప్పులేసుకుని బస్టాండు వైపు నడిచినాడు.