కాయితం పువ్వుకి కేను నీళ్ళు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవైమూడేళ్ళకే అంత తెలివి ఎలా పట్టిందో, ఆ తరువాత అది ఏడాదికింత చొప్పున ఎటు జారిపోయిందో ఇప్పటికీ అంతుపట్టదు. ఉద్యానశాస్త్రంలో రెండేళ్ళ డిప్లొమా (మా అమ్మ ఆ సర్టిఫికెట్టుకి టెక్కలిలో ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళకంటే ముందు దాన్నే చూపించేది), మెడలో ఐడి కార్డు, సంచీ నిండా రంగురంగుల కరపత్రాలు. వీటితో నేను కవిటి దగ్గర ఒక ఊరికి గ్రామ ఉద్యాన సహాయకుడిగా దిగాను. మూడు తరాలుగా కొబ్బరి తోటల్లోనే పుట్టి పెరిగిన మనుషులకి కొబ్బరిని ఎలా పెంచాలో నేర్పడం నా ఉద్యోగం. అందులో నవ్వుకోవాల్సింది ఏదైనా ఉందని నాకు అప్పట్లో తోచలేదు.

నేను అద్దెకి దిగిన ఇంటాయన్ని మావా అనీ, ఆయన భార్యని అత్తా అనీ పిలవాలని మొదటిరోజే వాళ్ళిద్దరూ తీర్మానించేశారు. దాంతో ఊరంతటికీ నేను 'ఆపీసరు అల్లుడు' అయిపోయాను. మావ ఒకప్పుడు పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నానికి ముప్పై కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపిన మనిషి. నేను వెళ్ళేసరికి ఆయన కిడ్నీలు పాడయి, వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకొస్తున్నాడు. ఆ ఊళ్ళో ఇంటింటా ఉన్న జబ్బే కాబట్టి ఇది గొంతు తగ్గించి చెప్పుకునే సంగతి కాదు. "మంగలారం, శుక్రారం మావ దొరకడు, పలాస ఎల్తాడు" అనేవారు, సంతకి వెళ్తాడన్నట్టు. రోజు మొత్తానికి అర లీటరు నీళ్ళకి మించి తాగకూడదని డాక్టరు చెప్పాడట. టీ అయినా మజ్జిగైనా, మాత్రలు మింగే గుక్కయినా అన్నీ అందులోకే లెక్క. అత్త తెల్లారగానే ఒక చిన్న సీసా నింపి గూట్లో పెట్టేది. మావ పొద్దుటి నుంచీ దాన్ని చూస్తూ కూర్చునేవాడు. మరీ తట్టుకోలేకపోతే బోరు నీళ్ళతో నోరు పుక్కిలించి ఊసేవాడు. ఊసేముందు మాత్రం కాసేపు ఆగేవాడు.

ఆ ఇంటి వాకిట్లో నాలుగు పెద్ద కుండీలుండేవి. తుఫానుకి పెరట్లో కొబ్బరి చెట్లన్నీ కూలిపోయాక, ఇల్లు బోసిపోయిందని మావ నర్సరీ బండి ఆపి కాయితం పువ్వు మొక్కలు కొన్నాడు (పుస్తకాల్లో దాన్ని బోగన్‌విల్లా అంటారు, ఆ ఊళ్ళో ఆ మాట పలికింది నేనొక్కణ్ణే). కొన్నరోజున రాణి రంగు పూలతో ఆకు కనపడకుండా ఉన్నాయట. ఇంటికొచ్చాక ఆ పూలు రాలాయి, మళ్ళీ ఒక్కటి పూయలేదు. ఆకులు మాత్రం అరచేతులంత పెరిగి, తీగలు గోడ దాటి పక్కింటి వాళ్ళ బట్టల తాడు పట్టుకున్నాయి.

ఈ పూయని కుండీలే నా పరువు తీశాయి. కొబ్బరికి తెల్లదోమ పట్టిన ఏడాది అది. కనపడిన పురుగుమందల్లా కొట్టకండి, వేపనూనె కలిపిన నీళ్ళతో ఆకుల్ని అడుగు నుంచి కడగండి అని నేను ఉగాది వెళ్ళిన వారం రైతుల్ని కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు. చివర్లో, అందరూ పెదరైతు అని పిలిచే ఒక పెద్దాయన చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని లేచాడు.

"బావూ, నువ్వుంతన్న ఇంటికాడ నాలుగు కాయితం పువ్వు మొక్కలున్నాయి. రెండేల్లయినాది, ఒక్క పువ్వు లేదు. ముందు దానికి పూత రప్పించు. అప్పుడు మా కొబ్బరి సంగతి మాటాడుకుందాం."

సభంతా నవ్వింది. నా మెడలోని కార్డు కూడా నవ్వినట్టే అనిపించింది. "రోహిణి కార్తె వచ్చేలోపు పూయిస్తాను. పూస్తే నేను చెప్పినట్టు చేస్తారా?" అన్నాను.

"సేత్తాం. పుయ్యకపోతే ఆ కాయితాలన్నీ అట్టుకొచ్చి ఇక్కడ పరిసీ. కూకోడానికి పనికొత్తాయి" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

ఆ సాయంత్రమే వైద్యం మొదలుపెట్టాను. కుండీల్ని వసారా నీడలోంచి ఎర్రటి ఎండలోకి ఈడ్చాను (నడుం పట్టేసింది, అది వేరే కథ). అడుగున పూడుకుపోయిన రంధ్రాల్ని ఇనపచువ్వతో పొడిచి తెరిచాను. తీగల కొసలు కత్తిరించాను. అన్నిటికంటే ముఖ్యంగా, నీళ్ళు కట్టేశాను. నాలుగు రోజులకి ఒక్కో కుండీకి ఒక్క చెంబు, అంతకు మించి చుక్క పడకూడదని ఇంటిల్లిపాదికీ ఉత్తర్వు జారీ చేశాను. ఇంటిల్లిపాది అంటే ఇద్దరే.

"అయితే ఇంకనుంచి ఈ ఇంట్లో ఇద్దరికి కొలిసి పొయ్యాలన్నమాట" అంది అత్త.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. నేను ఆవిడకి పాఠం కూడా చెప్పాను. మనం పువ్వు అనుకునే రంగు భాగం అసలు పువ్వు కాదనీ, అదీ ఒక రకం ఆకేననీ, మధ్యలో చిన్నగా తెల్లగా ఉండేదే అసలు పువ్వనీ వివరించాను. అత్త శ్రద్ధగా విని, "మరయితే మాకు ఆకులున్నాయి గదేటి. ఇంకేటి కావాలి?" అంది.

రెండు వారాలు గడిచాయి. ఎండలు ముదిరాయి. బండి సీటు మీద కూర్చోవాలంటే ముందు తడిగుడ్డ వేయాల్సి వచ్చేది. మొక్కలు వడలాలి కదా, వడల్లేదు. పైగా కత్తిరించిన చోటల్లా రెండేసి చిగుళ్ళు వేసి పచ్చగా నిగనిగలాడుతున్నాయి. మట్టిలో వేలు పెడితే చల్లగా తడి తగిలేది. నేను రాత్రుళ్ళు పాత నోట్సులు తిరగేశాను, ఫోన్లో వీడియోలు చూశాను. ఏ వీడియోలోనూ ఇలాంటి మొక్క లేదు. పెదరైతు రోజూ మా వాకిలి ముందు నుంచే వెళ్ళేవాడు. కుండీల వైపు చూసి, నా వైపు చూసి, చుట్ట వెలిగించుకునేవాడు.

అదే సమయంలో అత్తకి ఇంకో దిగులు పట్టుకుంది. బోరు నీళ్ళే కిడ్నీలు పాడుచేస్తున్నాయన్న భయంతో ఆ ఊళ్ళో తాగడానికీ వంటకీ ఆటోలో వచ్చే కేను నీళ్ళే వాడతారు. మూడు రోజులు రావాల్సిన కేను రోజున్నరకే అడుగంటుతోంది. మొదట అనుమానం నా మీదే పడింది. "అల్లుడూ, కేను నీల్లతో మొగం గాని కడుగుతన్నావేటి?" అని సూటిగానే అడిగింది. కాదని నేను ప్రమాణం చేశాను. అప్పుడావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మరయితే ఆ మనిసే తాగేత్తన్నాడు. నాను జీడిపప్పు వొలవడానికి ఎల్లిపోతాను గదా, మజ్జానం పూట ఒక్కడే ఉంతాడు. ఇలాగ తాగితే ఊపిరాడక పోతాడని డాట్రు సెప్పినాడు. నువ్వొక కన్నేసి ఉంచు" అంది. రోజూ రాత్రి మావ పాదాల మీద బొటనవేలితో నొక్కి వాపుందేమో చూస్తోందట. వాపు కనపడలేదు, అయినా ఆవిడకి నమ్మకం కుదరడం లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి బండిని వీధి చివర ఆపి, చప్పుడు చేయకుండా వచ్చి, వాకిలి మూలనున్న రేకుల స్నానాలగదిలో దాక్కున్నాను. ఆ ఎండకి ఆ రేకుల గదిలో మనిషిని అట్టు వేయొచ్చు. గ్రామ ఉద్యాన సహాయకుడు, మెడలో ఐడి కార్డుతో సహా, బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని తలుపు సందులోంచి చూస్తున్నాడు. పావుగంటకి మావ బయటికొచ్చాడు. అటూ ఇటూ చూశాడు. వసారాలో ఉన్న కేనుని రెండు చేతులతో వంచి చెంబు నిండా పట్టాడు. ఆ చెంబుని మొహం దాకా ఎత్తాడు.

నేను ఒక్క ఉదుటున లేచాను. తల రేకుకి తగిలి పెద్ద చప్పుడైంది. మావ మాత్రం వినిపించుకోలేదు. చల్లటి చెంబుని చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు, అంతే. తరువాత మెల్లిగా నడిచి కుండీ దగ్గర గొంతుకూర్చుని, దారంలా సన్నగా ధార పోయడం మొదలుపెట్టాడు. మట్టి ఒక్కో గుక్కా పీల్చుకుంటుంటే, ఇక్కడ ఆయన గొంతులో గుటక పడుతోంది. నాలుగు కుండీలకీ అలాగే, తొందరనేది లేకుండా.

నేను తల రుద్దుకుంటూ బయటికొచ్చి, "ఏం చేస్తున్నావు మావా?" అన్నాను.

"నీల్లు పోత్తన్నాను" అన్నాడు, అందులో దాచడానికేముందన్నట్టు.

"నాలుగు రోజులకొక చెంబని చెప్పాను కదా?"

"నువ్వు సెప్పినావు. అది అడుగుతంది."

"పోసేవాడివి బోరు నీళ్ళు పోయొచ్చు కదా. కేను నీళ్ళెందుకు?"

"బోరు నీల్లు నాకు సేసింది సాలు. దానికి కూడా ఎందుకు?" అని చెంబులో మిగిలిన చుక్కల్ని ఆకుల మీద విదిల్చాడు. "నాను ఎలాగూ తాగకూడదు గదా అల్లుడూ. ఇది తాగుతుంటే సూత్తాను. నా గొంతుకే తడిసినట్టుంతాది."

ఇక్కడ నేను నోరు మూసుకున్నానని రాస్తే బాగుండేది. మూసుకోలేదు. అంతులేని నీళ్ళ వల్లే ఇది పూయడం లేదనీ, కాయితం పువ్వుకి దాహమేస్తేనే పూత వస్తుందనీ, నా ఉద్యోగం పరువు దీని మీదే ఆధారపడి ఉందనీ, ఆ ఎండలో నిలబెట్టి మరీ ఆయనకి చెప్పాను. మావ అంతా విన్నాడు.

"దాహమేత్తే పువ్వులు పూత్తాదా?" అన్నాడు. "మరి నానెందుకు పుయ్యలేదో."

ఆ మాటకి ఆయనే నవ్వాడు. నేనూ నవ్వాను. "సరేలే, నీ ఉద్యోగం మాటొచ్చింది గదా, ఒగ్గేత్తాను. ఎన్నాల్లు?" అని అడిగాడు. ఐదు వారాలన్నాను. తలూపి చెంబు తీసుకెళ్ళి గూట్లో బోర్లించాడు. సాయంత్రం సంగతి తెలిసి అత్త గడప మీద కూలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ తరువాత కేనుల గురించి మావకి గంటసేపు చివాట్లు పెట్టింది.

మావ మాట తప్పలేదు. మట్టి నెర్రెలిచ్చింది, ఆకులు సగం రాలాయి, నాలుగో వారానికి కొసల్లో రంగు కనపడింది. ఐదో వారానికి ఆ వాకిలి చూడాలి. కొమ్మ కనపడకుండా రాణి రంగు. రోహిణి కార్తె ఇంకా రాకముందే ఎండకి అందరి మొహాలూ మాడిపోతుంటే అవి మాత్రం పెళ్ళిపందిరిలా ఉన్నాయి. పెదరైతు పదిమందిని వెంటేసుకుని వచ్చి, చుట్టూ తిరిగి, ఒక పువ్వు గిల్లి చూసి, "సర్లే బావూ, ఆ తెల్లదోమ కాయితం ఇటియ్యి" అన్నాడు. నేను ఇచ్చాను. అప్పుడు నేను నిలబడిన తీరు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వాళ్ళు వెళ్ళాక మావ మంచం మీంచి నెమ్మదిగా అడిగాడు. "పూసినాది గదా అల్లుడూ. ఇంక పొయ్యొచ్చా?"

ఈ ఐదు వారాలూ మధ్యాహ్నాలు ఆ మనిషి ఎలా గడిపాడో నాకు తెలియదని అప్పుడు తట్టింది. నేను మొగ్గలు చూస్తున్నాను కానీ ఆయన వైపు చూడలేదు. ఆయన మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నట్టున్నాడు. నాకు చాలా బాధేసింది. వెళ్ళి కేను వంచి చెంబు నింపి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నాలుగు కుండీలకీ పోశాడు. నాలుగు కుండీల దగ్గరా నేనూ పక్కనే కూర్చున్నాను.

మళ్ళీ రోజూ నీళ్ళు పడ్డాయి. పదిహేను రోజుల్లో పూలన్నీ రాలి మళ్ళీ ఆకులొచ్చాయి. పెదరైతు ఆగి, "పువ్వులేటయినాయి బావూ?" అన్నాడు. "సీజన్ అయిపోయిందండి" అన్నాను. కాయితం పువ్వుకి అలాంటి సీజనేమీ లేదు. కానీ నేను ఆ ఊళ్ళో చెప్పిన అన్నిటిలోకీ ఒక్కరు కూడా ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మింది ఆ ఒక్క ముక్కే. మావ ఆ తరువాత ఇంకో రెండు వేసవులున్నాడు. ఆ రెండు వేసవులూ సీజను రాలేదు. ఎవరడిగినా నేను అదే చెప్పేవాణ్ణి.

తరువాత నాకు మందస వైపు బదిలీ అయింది. ఆ చలికాలంలోనే మావ పోయాడు. వేసవిలో ఒకరోజు తోటలో ఉండగా అత్త ఫోను చేసింది. "అల్లుడూ, మొక్కలు నాలుగూ ఇరగబూసేసినాయి. గోడంతా పువ్వులే. నాను ఒక చుక్క పొయ్యనేదు, ఏటీ సెయ్యనేదు. నువ్వు సెప్పిన సీజను మల్లీ వచ్చినట్టుంది" అంది, సంతోషంగా. ఆ ఇరవైమూడేళ్ళ కుర్రాడైతే ఎందుకు పూశాయో ఫోన్లోనే వివరంగా చెప్పేసి ఉండేవాడు, ఆవిడ ఏమైపోతుందో చూసుకోకుండా. వాణ్ణి తలుచుకుని కొంచెం నవ్వుకున్నాను. "అవునత్తా, సీజనే" అన్నాను. ఆదివారం చూడ్డానికి వస్తానన్నాను.