తాళం, చెవి, కప్ప

ఆ రోజుల్లో మా పోర్ట్‌బ్లెయిర్‌లో ఇంటర్నెట్ ఎంత నెమ్మదంటే, ఒక వీడియో తెరుచుకునేలోపు అన్నం వండుకుని, తిని, గిన్నెలు కూడా కడుక్కుని రావచ్చు. ఆ ఖాళీ సమయంలోనే మనుషులు పాడవుతారని నా నమ్మకం. కొందరు ప్రేమలో పడ్డారు, కొందరు క్యారమ్స్‌లో పడ్డారు, మేం ముగ్గురం హత్యల్లో పడ్డాం. (చెయ్యడంలో కాదు, ఛేదించడంలో. ముందే చెప్పడం మంచిది.) నాకప్పుడు ఇరవై రెండేళ్లు, లంబాలైన్‌లో ఒక జిరాక్స్ షాపులో కొత్తగా ఉద్యోగం. రెండోవాడు మా చిన్నాన్న కొడుకు. ఎప్పుడు చూసినా ఫోను పైకెత్తి గోడలెక్కుతూ ఉండేవాడు కాబట్టి అందరూ వాణ్ణి సిగ్నల్ అనేవాళ్లు. మూడో మనిషి ఫైల్ దీదీ. ఏదో ఆఫీసులో టైపిస్టు. దేశంలో తేలని ప్రతి హత్యకేసుకీ ఒక ఫైలు కట్టి, కాపీలు తీయించుకోవడానికి మా షాపుకి వచ్చేది. "హంతకుడు ఊరికే ఏదీ వదలడు, ప్రతి వస్తువూ ఒక ఇషారా" అని హిందీలో ఆవిడ చెబుతుంటే మేమిద్దరం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం.

ఒకసారి ఓడలో వచ్చిన చుట్టం తెచ్చిన జీడిపప్పు పొట్లం విప్పితే, లోపల పాత తెలుగు పేపరు ముక్క. మా తాతలు వదిలివచ్చిన ఆంధ్రా తీరంలోనే వరసగా హత్యలు జరిగాయట, హంతకుడు దొరకలేదట. ఇంకేముంది, పండగే! మా దళంలో తెలుగు చదవగలిగినది నేనొక్కదాన్నే. చదవగలగడమంటే, నా చదువంతా హిందీ మీడియం, అమ్మ ఒక వేసవి సెలవుల్లో అక్షరాలు దిద్దించింది, అంతే. అయినా దీదీ నన్ను 'తెలుగు ఎక్స్‌పర్ట్' అనేసరికి నేను గాల్లో తేలిపోయాను. షాపులో కూర్చుని, కూడబలుక్కుంటూ చదివాను. 'అన్ని ఇళ్లకూ బయట తాళం కప్ప వేసి ఉందని, శవం పక్కన తాళం చెవి దొరికిందని పోలీసులు తెలిపారు.'

(తెలుగు వచ్చినవాళ్లు ఇక్కడ నవ్వుకోవచ్చు, నేను ఆగుతాను.)

మా ఇళ్లల్లో తాళం కప్పని తాలా అంటాం, తాళం చెవిని చాబీ అంటాం. అవి రెండేసి ముక్కలు కలిసిన ఒక్కొక్క మాట అని నాకెవరు చెప్పాలి? "తాలా. మేండక్. ఔర్ ఏక్ కాన్" అన్నాను గంభీరంగా. తాళం, కప్ప, ఒక చెవి. దీదీ చేతిలో పెన్ను కిందపడింది. "కాన్? పక్కా?" "పక్కా దీదీ, సాఫ్‌గా రాసుంది."

అక్కణ్ణుంచి మూడు నెలలు మాకు నిద్రాహారాలు లేవు. తాళమంటే 'నోరు మూసుకో' అని. చెవి అంటే, వినకూడనిది విన్నందుకు శిక్ష. కుడిచెవా ఎడమచెవా అన్నదాని మీద నేనూ సిగ్నలూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. కప్ప మాత్రం ఎంతకీ లొంగలేదు. చివరికి దీదీయే తేల్చింది. కప్ప నేల మీదా ఉంటుంది, నీళ్లలోనూ ఉంటుంది, అంటే హంతకుడు సముద్రం దాటాడు! ముగ్గురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. "ఇక్కడే ఉన్నాడు" అన్నాడు సిగ్నల్. ఇక ప్రతి ఆదివారం చాతం జెట్టీలో నిలబడి, ఓడ దిగేవాళ్లెవరైనా జనం చెవుల వంక అదోలా చూస్తున్నారేమోనని కాపలా కాశాం. చెవుల వంక అదోలా చూస్తున్నది మేమే. ఒక పెద్దాయన ఆగి, తన చెవిలో ఏమైనా దూరిందా అని కంగారుగా అడిగాడు కూడా.

ఈలోగా మా అక్కకి సంబంధం వచ్చింది. అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. నాన్న చేపల వేటకి వెళ్లలేని రోజుల్లో ఇంటిని తన జీతంతో నెట్టుకొచ్చింది, తనకోసం ఏదీ కావాలని అడగలేదు. ఇంతకుముందు ఏ సంబంధమొచ్చినా తల అడ్డంగా ఊపిన మనిషి, ఈసారి ఫొటో చూసి "రమ్మనండి" అంది. అమ్మ ఆనందంతో ఏడ్చినంత పని చేసింది. అతను వండూర్ జెట్టీలో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, మూడేళ్ల కిందట మెయిన్‌ల్యాండ్ నుంచి, మా తాతల ఊరివైపు నుంచే వచ్చాడు. అప్పుడే ఊరినుంచి దిగిన వాళ్లమ్మని వెంటబెట్టుకుని ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు.

లోపల మా అల్మారా చాబీ పోయి తెరుచుకోవడం లేదని అమ్మ ఏదో చెబుతోంది. నేను టీ ట్రేతో గుమ్మం దాటేసరికి, ఆ పెద్దావిడ మాటలు చెవిన పడ్డాయి. "మావోడున్నాడు కదమ్మా. ఈడికి సెవులంటే సెడ్డ పిచ్చి. యెక్కడ సెవి కనిపించినా వొగ్గడు. డబ్బా నిండా దాసేడు!"

ఆ ఊరివైపువాడు. సముద్రం దాటాడు. డబ్బా నిండా చెవులు!

"ఎవరివి ఆ చెవులు?" అన్నాను, ట్రే గడగడలాడుతుంటే.

"యెవులివైతే ఏటమ్మా? ఆళ్లు పారేసుకున్నవే!"

ఇక ఆగలేకపోయాను. "అక్కా, ఈ పెళ్లి వద్దు! ఇతను ఖూనీ చేసేవాడు! శవం పక్కన చెవి పెడతాడు, పేపర్లో పడింది!" అని అరిచేశాను.

అతను తన చెవులు రెండూ తడుముకున్నాడు. వాళ్లమ్మ లేచి నిలబడింది. "లెగు నాయినా, ఎలిపోదాం. పిల్లని సూడ్డానికొస్తే ఖూనీకోరంటారేటి?" ఆవిడ కళ్లలో నీళ్లు. నాన్న చేతులు జోడిస్తున్నాడు. గుమ్మం దగ్గర అక్క చీర కుచ్చిళ్లు పట్టుకుని నేలకేసి చూస్తోంది. ఆ చీర అక్క తనకోసం కొనుక్కున్న మొదటి మంచి చీర. నేనేం చేశానో అప్పుడు అర్థమైంది.

అతను మాత్రం లేవలేదు. "ఏదీ, ఆ పేపరు చూపించు" అన్నాడు. ట్రే కింద పెట్టి, నా సంచీలోంచి తీసిచ్చాను. చదివాడు. పెదవులు వణికాయి, తప్పు ఒప్పుకోబోతున్నాడనుకున్నాను. మనిషి పకపకా నవ్వడం మొదలుపెట్టి, కుర్చీలో ఉండలేక కింద కూర్చున్నాడు. జేబులోంచి స్కూటర్ చాబీ తీసి నా చేతిలో పెట్టి, "ఇదిగో, తాళం చెవంటే ఇదే" అన్నాడు. తర్వాత మా తలుపుకి వేలాడుతున్న తాళం చూపించి, "అదిగో కప్ప. కరవదులే" అన్నాడు. నాన్న ఏమీ అర్థంకాకపోయినా మర్యాదకోసం నవ్వాడు.

వాళ్లమ్మ ఇంకా నిలబడే ఉంది. అప్పుడు అక్క వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అత్తా, కూర్చోండి. మా ఇంట్లో ఎవరికీ తెలుగు సరిగ్గా రాదు, నాకూ రాదు. మీరే నేర్పించాలి." ఎవరూ చెప్పకుండా అది అత్తా అనేసింది! అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ అక్కని ఎగాదిగా చూసి, కూర్చుని, "ముందర ఆ సిన్నదానికి నేర్పాల" అంది.

నేర్పింది కూడా. పెళ్లయ్యాక ఏడాది పాటు ఆదివారాలన్నీ ఆవిడ ముందు కూర్చుని వత్తులూ గుణింతాలూ దిద్దాను. (ఫైల్ దీదీ మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. "సరే, చాబీయే అనుకో, చాబీకా మత్లబ్ క్యా?" అంటూ చాబీ వెనక అర్థం వెతకడానికి ఇంకో ఫైలు కట్టింది.) చదవడం బాగా వచ్చాక ఆ పేపరు ముక్క మళ్లీ తీశాను. చనిపోయినవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి, ఒకావిడ ఇడ్లీలు అమ్ముకుని మనవణ్ణి పెంచుకుంటోందట. పేర్లు చదవడం కష్టంగా ఉందని అప్పట్లో వాటిని దాటేశాను. నాకు చాలా సిగ్గేసింది. ఆ తర్వాత హత్యల జోలికి పోలేదు.

ఈమధ్య అక్క ఇంటికెళ్లినప్పుడు, ఆ రోజు అత్తయ్య వెళ్లిపోయి ఉంటే ఏం చేసేదానివని అడిగాను. అక్క చేపలు కడుగుతూ, "ఏమో. రమ్మన్నాను గానీ లోపల ఒకటే భయంగా ఉండేదే. అరగంటలో మనిషి ఎలాంటివాడో ఏం తెలుస్తుంది? మొహం మీదే ఖూనీకోరంటే నవ్వాడు చూడు, అప్పుడు పోయింది నా భయం" అంది. బావ పక్కగదిలోంచి మళ్లీ అదే నవ్వు.

ట్రే పట్టుకుని వణికిపోయిన ఆ వెర్రిపిల్ల తేల్చిన కేసు అదొక్కటే, అదీ తనకి తెలియకుండానే. ఇప్పుడెక్కడైనా ఎదురుపడితే దాన్ని తిట్టను. ట్రే అందుకుని, ముందు నువ్వు కూర్చుని ఒక కప్పు టీ తాగవే తల్లీ అంటాను.