న్యూమా బూరలో నీళ్లు

న్యూమా లబోవ్‌కి ఒకటే రోగం. పాట మంచి పట్టులో పడగానే కార్నెట్ బూర మూతి దగ్గర్నుంచి తీసేసి, "నీళ్లొచ్చాయ్!" అని దులపడం.

ఊదే బూరలో ఊపిరి తడి చేరడం మామూలే. మా బ్యాండులో అందరికీ చెంచాడు చేరితే వీడికి బిందెడు! శవయాత్రలోనూ దులుపుడే. సొంత పెళ్లిలో, "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని ఫాదర్ అడిగితే, "ఒక్క నిమిషం ఫాదర్, నీళ్లొచ్చాయ్" అని చంకలోంచి బూర తీశాడు. పెళ్లికూతురు ఆ బూరతోనే వాణ్ణి కొట్టబోయింది.

అయినా న్యూ ఆర్లియన్స్ అంతా వాడంటే పడి చచ్చేది. ఇప్పుడు జాజ్ అంటున్నారే, ఆ సంగీతానికి అప్పటికింకా పేరే కుదర్లేదు. వాడి పేరు మాత్రం వీధికుక్కలకి కూడా తెలుసు. నేను వాడి పక్కన రెండో కార్నెట్‌ని. తొమ్మిదేళ్లు కుళ్లుకున్నాను, దాచుకోవడమెందుకు? నిద్రలేస్తే కుళ్లు, గంబో పులుసు తింటుంటే కుళ్లు. వాడు దులుపుతుంటే పాట ఆగకుండా ఊదేది నేను. జనమేమో వాడి దులుపుడు చూసి నవ్వేవాళ్లు! ఒక్కసారి "అల్సీద్!" అని నా పేరు అరిస్తే చాలనుకునేవాణ్ణి.

"ఎక్కణ్ణుంచొస్తాయిరా ఇన్ని నీళ్లు?" అనడిగితే, "నన్ను చూసి నువ్వు కార్చే చొంగంతా ఇందులోకే చేరుతోందిరా" అనేవాడు.

ఆదివారాలు డాన్సుల ప్రచారానికి బండెక్కి ఊదుతూ తిరిగేవాళ్లం. ఇంకో బ్యాండు బండి ఎదురైతే, జనం రెండు బండ్ల చక్రాలూ గొలుసుతో కట్టేసేవాళ్లు. ఊదుడు పోటీలో ఎవరో ఒకరు ఓడిందాకా కదలడానికి లేదు. ఆరోజు పెర్డీడో వీధి మలుపులో అలాగే కట్టేశారు. అవతలివాళ్లు మమ్మల్ని ఉతికేస్తున్నారు. సరిగ్గా అప్పుడే న్యూమా బూర దించాడు.

"నీళ్లొచ్చాయ్!"

"ఇప్పుడా? పరువు పోతుందిరా!"

"నువ్వూదు. నేను కింద దులుపుకొస్తా" అని దిగిపోయాడు.

తొమ్మిదేళ్ల ఉక్రోషమంతా బూరలోకి ఊదేశాను. అవతలి బండి నోరు మూసింది. "అల్సీద్! అల్సీద్!" అని వీధంతా ఒకటే కేకలు.

దిగి చూస్తే న్యూమా చక్రం పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు తింటున్నాడు. వాడి బూర లాక్కుని తలకిందులు చేసి దులిపాను. ఒక తొక్క రాలింది. చుక్క నీళ్లు లేవు.

"నీళ్లేవిరా?"

"ఎండకి ఆరిపోయాయ్."

"తొమ్మిదేళ్లూ ఇంతేనా?"

"నేనాపకపోతే నువ్వెప్పుడు ఊదుతావురా? పిలుస్తున్నారు, వెళ్లు."

నాకు ఒళ్లు మండిపోయింది. బూరలో వాడే ముందు, పేరులో వాడే ముందు, సరే. మంచితనంలో కూడా వాడే ముందా?

మర్నాటి ఊరేగింపులో కసికొద్దీ నేనే బూర దించి, "నీళ్లొచ్చాయ్!" అన్నాను. సరిగ్గా అప్పుడే వాడూ దించాడు. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి దులుపుతుంటే, ట్రాంబోన్ బూర వాడొక్కడే ఊదుకుంటూ వీధి మలుపు తిరిగిపోయాడు.