తాలుకాయలతో కథ కొలిచిన రోజు

నేను చదివింది ఐదో తరగతి. సినిమా కథ ఎన్ని పేజీలుండాలో నన్నడిగే వాళ్లెవరు? అయినా ఒక ఏడు ఆ లెక్క నా మీదే పడింది.

మా తమ్ముడు ఐదేళ్లు హైదరాబాదులో సినిమావాళ్ల వెంట తిరిగాడు. ఆ ఏడు మిరపకాయలు కల్లంలో ఎండుతుండగా, ఒక మంగళవారం సాయంత్రం చంకలో పుస్తకంతో మా ఇంటికొచ్చాడు. ఒంగోలులో గ్రానైట్ వ్యాపారం చేసే ఒకాయన సినిమా తీస్తానన్నాడట. గురువారం పదింటికి వచ్చి కథ వినిపించమన్నాడట. "రెండున్నర గంటలు కూర్చుంటా. దాటితే లేచిపోతా" అని ముందే చెప్పాడట. అప్పటికే ఇద్దరిని మధ్యలోనే పంపించేశాడు. ఈసారీ కుదరకపోతే ఊరొచ్చి ఎరువుల కొట్లో కూర్చుంటానని వీడు మా నాన్నకు మాటిచ్చి ఉన్నాడు.

"ఎంతుందిరా నీ కథ?" అన్నాను.

"నూట యాభై పేజీలక్కా. పేజీకి నిమిషం లెక్క. సరిగ్గా సరిపోద్ది."

పుస్తకం తెరిచి చూశాను. కొట్లలో పద్దులు రాసుకునే పొడుగు పుస్తకం. ఎడమ పక్క మనుషులు చేసేది, కుడి పక్క మాట్లాడేది, చీమలు బారు కట్టినట్టు అక్షరాలు. ఆ పేజీని నిమిషంలో ఎవరు చదవగలరు?

"రేపు కల్లంలో కూర్చుని చదువు. మావాళ్లు వింటారు."

"కూలివాళ్లకా అక్కా?"

"మరి టిక్కెట్టు కొనేది ఎవరనుకున్నావురా?"

మా కల్లంలో పదిమంది ఆడవాళ్లు ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరేవాళ్లు. వాళ్లకు పొద్దుపోవడానికి నేను కథలు చెప్పేదాన్ని. కథ బాగా పట్టుకుంటే వాళ్ల చేతులు ఆడతాయి గానీ కళ్లు కాయల మీద ఉండవు. తాలు ఎర్రకాయల్లో ఉండిపోతుంది. "మళ్లీ కథలు పెట్టావా? మిర్చి యార్డులో నా పరువు తీస్తావు" అని మా ఆయన నన్ను ఎన్నిసార్లు కసిరాడో. ఆ సంగతి గుర్తొచ్చే, బుధవారం గంపలు నిండినకొద్దీ కాయల్ని కుప్పలో కలపకుండా పట్టా మీద వరసగా పోయించాను. ఏ గంప నిండేటప్పుడు కథ ఎక్కడుందో గుర్తుపెట్టుకున్నాను. రాసుకునే తీరిక లేదు గానీ, విన్నది నాకు పోదు.

తొమ్మిదింటికి మొదలుపెట్టాడు. అన్నాలవేళకు సగం కొంచెం దాటింది. కథలో పిల్ల బావి దగ్గర ఏడుస్తుంటే మా పెద్ద కూలామె అననే అంది: "అయ్యా, ఆ పిల్ల ఏడుపు ఆపేలోపు నేను పోయి మంచినీళ్లు తాగొస్తా." అందరూ నవ్వారు. వాడి మొహం మాడిపోయింది. మళ్లీ చదివి ముగించేసరికి మొత్తం ఐదు గంటలు.

ఎండ తగ్గకముందే పట్టా మీద కుప్పలు కెలికి చూపించాను.

"ఇదిగో, అన్నదమ్ములు కొట్టుకున్న చోట. ఎంత తాలు వదిలేశారో చూడు. దీన్ని ముట్టుకోకు. ఇది బావి దగ్గర. శుభ్రంగా ఏరారు. తీసెయ్."

"ఇదేంటక్కా, కాయలు చూసి కథ కోస్తారా?"

"నీ గడియారం చూసి కోస్తావా మరి?"

గొణుక్కుంటూనే కోశాడు. తీసేసిన పేజీలు చింపకుండా, కలిపి నా పిన్నీసులు గుచ్చాను. కథలో ముసలాయన చనిపోయే చోటికి వచ్చాం. పదకొండు పేజీలు. అక్కడి కుప్పలో ఒక్క తాలుకాయ లేదు. వాడు పుస్తకం లాక్కున్నాడు.

"ఇది మన తాతయ్య పోయినప్పటిదక్కా. ఇది తీస్తే కథ కుంటిదైపోద్ది."

"కుంటిదైనా ఊరు చేరాలి గదరా! ఒక్క పేజీ ఉంచుకో."

వాడి కళ్లలో నీళ్లు. నాకూ తాతయ్యే. అయినా పది పేజీలకు పిన్నీసు నేనే పెట్టాను.

ఒక్కణ్ణే పంపితే బస్సులోనే విప్పేస్తాడని గురువారం నేనూ బయల్దేరాను. ఆ పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలి, "ఊ, కానీయవయ్యా" అన్నాడు. ఎదురుగా గోడ గడియారం. నేను గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్నాను.

మొదటి గంటలో ఆయన రెండుసార్లు గడియారం చూశాడు. తర్వాత చూడ్డం మానేశాడు. పదకొండున్నరకు ముసలాయన మంచం పట్టాడు. ఉంచిన ఒక్క పేజీ చదివి మా తమ్ముడు ఆగాడు. వాడి వేలు పిన్నీసు మీదకు పోయింది. నోరు తెరిచి వద్దనలేను. పిన్నీసు ఊడింది. ఇక అయిపోయిందనుకున్నాను.

అప్పుడే లోపల ఫోను మోగింది. ఎవరో వచ్చి పిలిచారు. ఆయన పుస్తకం మీంచి చూపు తిప్పకుండా, "తర్వాత మాట్లాడతానని చెప్పండి" అని చెయ్యి ఊపాడు. మా తమ్ముడు ఆయన మొహం చూశాడు. ఆ పది పేజీలూ ఒక్కసారే తిప్పేసి ముందుకెళ్లాడు.

పన్నెండూ ఇరవై ఐదుకు కథ అయింది. ఆయన ముట్టుకోని కాఫీ మీద మీగడ కట్టి ఉంది.

"ఆదివారం మళ్లీ రావయ్యా. మా ఆవిడ వినాలి. ఆవిడ నాకంటే కష్టం." లేచి నిలబడ్డాడు. "ఇదే కథ, ఇంతే. ఒక్క పేజీ పెరిగిందా, గేటు దగ్గర్నుంచే పంపిస్తా."

బయటికొచ్చాక వాడు మెట్ల మీద కూర్చుండిపోయాడు. పిన్నీసు ఊడిన చోట పుస్తకం తెరిచి, పక్కన కూర్చున్న నా ఒళ్లో పెట్టాడు.

"పిన్నీసు నువ్వే పెట్టక్కా" అన్నాడు.