గేటు బయట ఆదివారం

ఈ ఆదివారం పేపరుతో పాటు వచ్చిన రంగుల అనుబంధం చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. క్రిస్మస్ లోపు మిగిలిన శని, ఆదివారాల్లో హైదరాబాదులో కుటుంబంతో ఎక్కడెక్కడికి వెళ్లాలో పేజీ నిండా జాబితా. పైన ఎర్ర టోపీలు పెట్టుకున్న తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ, నలుగురికీ ఒకటే నవ్వు. అమలాపురంలో మా వీధివాళ్లకి ఆ కాగితంతో ఏం పనో నాకర్థం కాదు. జాబితాలో మొదటిది ఆ షాపింగ్ మాలే. లోపల మంచు కురుస్తుందట! ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి కత్తిపీట కింద పరిచి కొబ్బరి కోరాను. కార్తీకం వెళ్లగానే చలి వచ్చినట్టు నాకు కోపం రావడం మావాళ్లకి అలవాటైపోయింది.

ఆ మాలుకి నేను వెళ్లింది ఒక్కసారే, అదీ మా చెల్లెలి కోసం. మరిది పోయాక అది కువైట్ వెళ్లి ఒకరింట్లో వంటపనికి కుదిరింది. దాని కూతురు నా దగ్గరే పెరిగి, ఇంటర్ చదవడానికి హైదరాబాదులో హాస్టల్లో చేరింది. నాలుగేళ్లకి, ఇలాగే క్రిస్మస్ ముందు, చెల్లెలికి సెలవు దొరికింది. దొరికిందని సంబరపడేలోపే కాలేజీవాళ్లు పరీక్షలు ముంచుకొస్తున్నాయి, పిల్లని ఇంటికి పంపం అన్నారు. కన్నతల్లి సముద్రం దాటి వచ్చిందయ్యా అంటే, "రూల్ అండీ" అన్నారు. ఆ రూల్ రాసినవాణ్ణి కన్నతల్లి ఎవరో గానీ, ఆవిడ ఎప్పుడూ ఊరు దాటి ఉండదు. ఆఖరికి ఒక ఆదివారం ఔటింగ్ ఇస్తామన్నారు, పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం ఐదు దాకా. మర్నాడే చెల్లెలి విమానం. నాలుగేళ్ల తర్వాత తల్లికీ కూతురికీ దక్కినవి ఆ ఏడు గంటలు.

ఆ ఏడు గంటల కోసం మా చెల్లెలు చేసిన హడావిడి ఇంతా అంతా కాదు. పిల్లకి చిన్నప్పటి నుంచీ పొట్టిక్కలంటే ప్రాణం. పనసాకుల్ని చిన్న బుట్టలా ఈనెపుల్లలతో కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పట్టాలి, అదే దాని రుచి. పరాయింట్లో ఆరుగురు పిల్లలకి మూడు పూటలా వండివార్చే మనిషి, సొంత పిల్లకి ఒక్క పూట చేసి పెట్టాలని ఆశపడింది. ఊళ్లోనే బుట్టలు కుట్టి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లోంచి దించకుండా తెచ్చింది. కూకట్‌పల్లిలో మా చుట్టాలింట్లో దిగి, ఆదివారం తెల్లవారకముందే లేచి వండింది. వంటింటినిండా పచ్చి పనసాకు వాసన. ఆ ఇంటావిడ నిద్రకళ్లతో వచ్చి, "ఏవండీ, మా అమ్మ గుర్తొచ్చేసిందండీ" అని అక్కడే పీటేసుకుని కూర్చుంది.

హాస్టల్ గేటు దగ్గర పిల్ల వాళ్లమ్మని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వదిలాక మొదటి మాట, "అమ్మా, మాల్‌కెళ్దామే. మా రూములో అందరూ మంచు చూసేరు, నేనొక్కదాన్నే చూళ్లేదు." చందమామని అడిగినా సరేననేటట్టుంది ఆ పూట మా చెల్లెలు. "పద, అక్కడే కూచుని తిందాం" అంది. మాల్ చేరేసరికి పదకొండున్నర. తీర్థంలా జనం. పిల్ల మంచు దగ్గర వరసలో చోటు పట్టడానికి ముందు పరుగెత్తింది.

మమ్మల్ని గేటు దగ్గర ఆపారు. సంచీ విప్పి చూసి కాపలా అతను, "బయటి ఫుడ్ అలౌ లేదమ్మా. అగో, ఆ డబ్బాల ఎయ్యుండ్రి" అన్నాడు. చెల్లెలు బతిమాలింది. "పిల్ల కోసం చేసినయ్యండీ. ఎక్కడో మూల కూచుని తినేస్తాదండీ." అతను తల అడ్డంగా ఊపాడు. సామాన్లు దాచే గదిలోనూ తిండి పెట్టనివ్వరట. అతని మీద నాకు కోపం లేదు, పొద్దుటి నుంచీ నిలబడి ఉన్న మనిషి. నా కోపమంతా నా నోటి మీద. నా నోరు ఏమందో తెలుసా? "ఆయ్, అలాగేనండీ" అంది! మా గోదావరి మర్యాద తగలెయ్య. కడుపులో కత్తి దింపినా ముందు ఆయ్ అనేసి, తర్వాత ఏమిటండీ అని అడుగుతాం.

"నువ్వెళ్లక్కా. దాని మొహంలో సంబరం చూసేవా? అరగంటే కదా, నేనిక్కడే కూచుంటా" అంది చెల్లెలు. నేను వెళ్లాను. ఆ వెళ్లడమే నేను చేసిన తప్పు.

ఆ వరసకి మూడు గంటలు పట్టింది. అమ్మేదని పిల్ల అడిగినప్పుడల్లా వస్తోందని అబద్ధం చెప్పాను. నిజం చెప్తే బయటికి పరుగెత్తుతుందని, ఇంతసేపూ నిలబడింది వృథా అవుతుందని నా గొప్ప ఆలోచన. ఆకలేస్తోందంటే, ప్లాస్టిక్ కొబ్బరాకుల పందిరి వేసి "పల్లె రుచులు" అని బోర్డు పెట్టిన కొట్లో కాగితం గిన్నెలో ఇడ్లీ కొనిపెట్టాను. తల్లి చేతి వంట గేటు బయట చల్లారిపోతూ ఉంటే! తీరా ఆ మంచు సబ్బునురగ. నాలుగు నిమిషాలు కురిసింది. ఫోటో తీశారు. అందులో నేనూ పిల్లా ఉన్నాం.

బయటికొచ్చేసరికి మూడు కావస్తోంది. పూలకుండీల పక్కన సిమెంటు గట్టు మీద, ఎండలో, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది మా చెల్లెలు. ఒక్కటి కూడా తినలేదు. పిల్ల తల్లి వంకా, సంచీ వంకా, నా వంకా చూసింది. "మీ పెద్దమ్మనేం అనకే. నేనే ఉంటానన్నాను" అంది చెల్లెలు. పిల్ల వినలేదు. "వాళ్లని ఒక్క మాటైనా అడిగేవా పెద్దమ్మా? పోనీ, నాకైనా చెప్పేవా?" అంది. నేను ఆటో కోసం చెయ్యెత్తాను. హాస్టల్‌కి తిరిగి వెళ్లే ఆటోలో, కుదుపుల్లో, తల్లి ఆకు విప్పి తుంచి పెడుతుంటే పిల్ల తింది. ఐదు కొట్టేసరికి గేటు మూసేశారు.

చెల్లెలు ఇంకా కువైట్‌లోనే ఉంది. పిల్ల ఉద్యోగంలో చేరింది, నాతో బాగానే ఉంటుంది, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేను మాత్రం ఆ రోజు నుంచి గయ్యాళినయ్యాను. బ్యాంకులో, బస్సులో, పెళ్లి భోజనాల దగ్గర, రూల్ అన్నవాడితో పోట్లాడకుండా ఇంటికి రాను. రావాల్సిన రోజున రాని కోపం ఎన్నిసార్లు వచ్చి ఏం లాభం? పోయిన రోజుల్ని కాలం ఎత్తుకుపోయిందంటారు అందరూ. ఆ మూడు గంటల్ని మాత్రం నేనే చేతులారా ఇచ్చేశాను, పైగా అండీ అని.