గూడు తర్వాత

పలమనేరు దగ్గర మా నాయన పట్టుపురుగులు పెంచుతాడు. ఒకరోజు నా ఫోన్ ఆటలో పురుగు కనబడితే వచ్చి పక్కన కూర్చున్నాడు. పోరాటాలు గెలిచేకొద్దీ దానికి బలం పెరుగుతుందని, బలం చాలినప్పుడు రూపం మారుతుందని చెప్పాను.

"కొట్లాటలతో పురుగు పెరుగుతాదా? ఆకెయ్యాల గాని," అని కసురుకున్నాడు.

కాసేపటికి అది గూడు కట్టింది. "ఇంక సాలు, అమ్మేయ్," అన్నాడు. రెక్కల పురుగు తొలుచుకుని బయటికొస్తే దారం తెగిపోతుందని మేం ముందే గూళ్లు అమ్మేస్తాం. నేను వినలేదు. ఇంకో రెండు పోరాటాలకు గూడు పగిలింది. రెక్కలొచ్చిన పురుగు ఎదుటిదాన్ని ఒక్క దెబ్బకు పడగొట్టింది.

నాయన ఫోన్ లాక్కుని పకపకా నవ్వాడు. "ఇన్నేండ్లు పెంచినాను గాని, ఒక్కదాన్నీ ఈడిదాకా రానీలేదమ్మా."

ఆ పంట గూళ్లన్నీ మార్కెట్‌కు పోయాయి. ఒక్కటి మాత్రం మా వంటింటి కిటికీలో ఉండిపోయింది.