ఊర్మిళ చేతి బ్యాటరీలు

ఊర్మిళ పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నన్ను మంచివాడనుకుని మోసపోకండి.

నా పేరు పరుశురాం. ఉండేది బమ్రోలి, పరాయి రాష్ట్రానికి బతకొచ్చిన మా నేతపనివాళ్ల పేట. ఇరవై రెండేళ్లు పాండేసరాలో పవర్‌లూమ్ నడిపాను. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాక, హజీరా అవతల సువాలి తీరంలో హర్షద్‌భాయ్ శేట్ దగ్గర చేరాను. జనాన్ని ఎక్కించుకుని ఇసుకలో పరుగెత్తే నాలుగు చక్రాల ఏటీవీ బండ్లు ఆయనకు ఎనిమిదున్నాయి. వాటిని బాగుచేసే మిస్త్రీని నేను. ఊర్మిళ టికెట్లు చింపే మనిషి. కోసాడ్ క్వార్టర్ల నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. నేతపని చేసే మా సాలోళ్ల ఆడబిడ్డే, పెళ్లికి ముందు కండెలు చుట్టేదట. బేరం లేనప్పుడల్లా నా పక్కన గొంతుక్కూర్చుని, "అన్నా, గిదేంది? గది తిప్పితే ఏమైతది?" అని ప్రాణం తీసేది. నేనూ చెప్పాను. పెద్దరికం కదా, నోరు ఆగలేదు. మూడేళ్లు తిరిగేసరికి ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నాకు సరిగా వినబడదు. ఆమెకు వినబడుతుంది. కళ్లలో నిప్పులు పోసుకున్నానంటే పోసుకోనా మరి?

వానాకాలం నాలుగు నెలలూ బండ్లు షెడ్డులోనే పడుంటాయి. ఏటా బ్యాటరీలు ఊడదీసి మా ఇంట్లో మంచం కింద తోసేవాణ్ని. దసరా నాటికి సగం చచ్చిపోయేవి. ఈ ఏడు శేట్ వాటిని ఊర్మిళకిచ్చాడు. ఆమె చెక్కపలక మీద వరసగా పేర్చి, నెలనెలా చార్జింగ్ పెట్టి, మీటరుతో చూసుకుందట. తెచ్చి దింపిన రోజు శేట్ నా ఎదురుగానే తేల్చేశాడు. ఎనిమిది బండ్లూ మొదటి దెబ్బకే లేస్తే షెడ్డు తాళాలు ఊర్మిళకి, ఈ సీజన్ నుంచి ఆమే మిస్త్రీ. టికెట్లు నాకు. యాభై మూడేళ్ల వయసులో టికెట్లు!

దసరా పూజ మాత్రం నాదే. ఆ రోజు ఊర్మిళ రాలేదు, ఇంట్లో పండగ. మా నాన్న మగ్గానికి ప్రతి ఇనుప ముక్కకూ తడిపసుపు రాసి బొట్టు పెట్టేవాడు. ఒక్కటి తప్పినా ఆ ఏడంతా పోగులు తెగుతాయని భయం. నేనూ అలాగే చేశాను. ఊర్మిళ మీది కడుపుమంటకు నాలో భక్తి ఇంకాస్త పొంగింది. హ్యాండిళ్లకు, చక్రాలకు, చివరికి బ్యాటరీల మీద వైర్లు తగిలించే సీసపు మొనలకు కూడా దట్టంగా పసుపు పూసి కుంకుమ దిద్దాను. ఆపైన వైర్లు బిగించింది కూడా నేనే. శేట్ చూసి మెచ్చుకున్నాడు.

మూడో రోజు పొద్దున పరీక్ష. ఊర్మిళ పాత పెట్రోలు తీసి కొత్తది పోసింది, చక్రాల్లో గాలి చూసింది, తాళం తిప్పి బటన్ నొక్కింది. టిక్ అంది, అంతే. రెండో బండీ టిక్. మూడోదీ టిక్. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నాకు ఈల వేయాలనిపించింది.

"నాలుగు నెల్లు ఇంట్ల పెట్టుకొని ఏం జేసినవ్ ఊర్మిళా?" అన్నాను, శేట్‌కు వినబడేలా.

ఆమె వంగి సీటు ఎత్తింది. మీటరు పెట్టి చూసింది. "బారా పాయింట్ సాత్ వోల్టు ఉన్నది గదా, ఫుల్ ఉన్నట్టే" అని గొణుక్కుంది. పానా తీసుకుని వైరు ఊడదీసి, మొనను గుడ్డతో తుడిచింది. గుడ్డ పచ్చగా అయింది. ఎండి పొరకట్టిన పసుపు. వైరు మొనకు తగిలితే కదా కరెంటు పారేది!

నేను పూసిందే. ఆమె గుడ్డ వైపు చూసింది, నా వైపు చూసింది. ఆమెదీ మగ్గం ఇల్లే, ఎవరి పనో అర్థం కావడానికి ఎంతసేపు? అప్పుడే శేట్ దగ్గరికొచ్చాడు.

"క్యా హువా?"

ఊర్మిళ గుడ్డను పిడికిట్లో దాచేసింది. "ఉప్పు గాలికి జంగు పట్టింది శేట్, నేనే చూస్కోలే. సాఫ్ చేస్తే లేస్తయి" అని తనకొచ్చిన హిందీలో చెప్పింది. శేట్ ఆమెను నానా మాటలూ అని, తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను పుచ్చుకున్నాను. మొలలో దోపుకున్నాను.

ఆయన వెళ్లాక అడిగాను. "నా పేరెందుకు చెప్పలే?"

"పూజ జేసినోన్ని దొంగను పట్టిచ్చినట్టు పట్టియ్యాల్నా అన్నా? జర ఆ పానా ఇటియ్యి, ఇంకా ఏడు బండ్లున్నయి" అంది.

ఎనిమిదీ లేచాయి. దీపావళి సెలవుల్లో తీరమంతా జనం. ఒక్క బండీ మొరాయించలేదు. శేట్ పదిమందిలో నా భుజం తట్టి, "పరుశురాం చెయ్యి పడితే చాలు" అన్నాడు. టికెట్ల బల్ల దగ్గర నుంచి ఊర్మిళ కూడా నవ్వింది. ఆ నవ్వులో వెటకారం ఉందేమోనని ఎంత వెతికానో. ఉంటే నాకు సగం బరువు దిగేది. లేదు, నిజంగానే సంతోషపడుతోంది మహాతల్లి. అలా ఒక్కరోజైనా ఇంకొకరిని చూసి నేను నవ్వగలనా అని అనుకుంటే, ఆమె మీద మళ్లీ కుళ్లు పుట్టుకొచ్చింది.